పడవ అడుగున చెవి

ఫిష్ ఫైండర్ పేరుతో అమ్ముతున్న పెట్టెలో రెండు వేర్వేరు పనిముట్లు కలిసి ఉంటాయి. ఒకటి నీటిలోకి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి అడుగు ఎంత లోతులో ఉందో, నడుమ ఏముందో గీసి చూపుతుంది. అది సోనార్. రెండోది ఉపగ్రహాల రేడియో సంకేతాలను అందుకుని పడవ ఏ చోట ఉందో చెబుతుంది. అది జీపీఎస్. రెండింటికీ ఒకే తెర, ఒకే బ్యాటరీ ఉన్నా, ఒకదాని పని రెండోది చేయలేదు. రేడియో తరంగం ఉప్పునీటిలోకి దిగుతూనే సమసిపోతుంది. వెలుగు తేట నీటిలో కొంత లోతు వరకు దిగుతుంది కానీ, గోదావరి వరదనీరు కలిసే కాకినాడ తీరంలో నాలుగు బారల కింద కూడా ఏమీ కనిపించదు. నీటిలో దూరం పోయి తిరిగి రాగలిగేది శబ్దమొక్కటే.

ఈ రెండు పనులూ మత్స్యకారులకు కొత్తవి కావు. సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలి, పైకి లాగేటప్పుడు చేతులు చాచి బారల్లో కొలవడం లోతు తెలుసుకునే పాత పద్ధతి. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు, ఇంచుమించు ఆరడుగులు. తీరాన కనిపించే కొండను, గుడి గోపురాన్ని, దీపస్తంభాన్ని ఒకదాని వెనక ఒకటి వరుసకు తెచ్చుకుని వేటచోటు గుర్తుపెట్టుకోవడం పాత జీపీఎస్. రెండు వరుసలు కలిసిన చోటే ఆ చోటు. కొండలు మంచులో మునిగినా, పడవ తీరం కనిపించనంత దూరం పోయినా ఆ పద్ధతి పనికిరాదు. యంత్రం అవసరం అక్కడ మొదలవుతుంది.

కొనడానికి వెళ్ళినవారి చూపు ముందు తెర మీద పడుతుంది. ఎంత పెద్దది, ఎన్ని రంగులు అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది మాత్రం ఎవరికీ కనపడకుండా పడవ అడుగున ఉండే ట్రాన్స్‌డ్యూసర్. శబ్దాన్ని పుట్టించేదీ, ప్రతిధ్వనిని వినేదీ అదే. అది వినలేనిదాన్ని ఎంత ఖరీదైన తెరా చూపలేదు. అందుకే ఎంపిక కింది నుంచి పైకి సాగాలి. వేటాడే నీటి లోతు, పడవ దేనితో చేసినది, పట్టే చేప ఏది అన్న మూడూ తేలాక ట్రాన్స్‌డ్యూసర్, దానికి తగిన పెట్టె, చివరికి తెర.

శబ్దం వెళ్ళి వచ్చే లెక్క

నీటిలో శబ్దవేగాన్ని 1826లో స్విట్జర్లాండ్‌లోని జెనీవా సరస్సులో కొలిచారు. జాఁ డేనియల్ కొలాడన్, చార్లెస్ స్టర్మ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నీటిలో గంట కొట్టించి, అదే క్షణాన వెలిగించిన మందుగుండు మెరుపును చూసి, దూరాన మరో పడవ నుంచి ఆ గంట మోతను విన్నారు. 8 డిగ్రీల చల్లని నీటిలో సెకనుకు 1,435 మీటర్లని తేలింది. గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. నీరు వెచ్చబడినా, ఉప్పు పెరిగినా వేగం పెరుగుతుంది. బంగాళాఖాతపు ఉపరితలంలో నీరు 28 డిగ్రీలుంటే అది సెకనుకు 1,540 మీటర్ల దగ్గరకు చేరుతుంది. 60 మీటర్ల లోతులో శబ్దం వెళ్ళి రావడానికి సెకనులో పన్నెండో వంతు కూడా పట్టదు. ఆ కాలాన్ని కొలిచి, వేగంతో గుణించి, సగం చేస్తే లోతు వస్తుంది. సోనార్ చేసే లెక్కంతా ఇదే.

శబ్దాన్ని పుట్టించే కిటుకు 1880లో దొరికింది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ గమనించారు. విద్యుత్తు పెడితే అదే స్ఫటికం సాగి ముడుచుకుంటుందన్నది ఆ మరుసటి ఏడాదే రుజువైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల జాడ తీయడానికి శాస్త్రవేత్త పాల్ లాంజెవాఁ క్వార్ట్జ్ పలకలతో ట్రాన్స్‌డ్యూసర్ తయారుచేశాడు. రెండో యుద్ధం ముగిశాక జపాన్‌లోని నాగసాకి ప్రాంతంలో ఫురునో సోదరులు సముద్రపు లోతు కొలిచే యంత్రాన్ని చేపల వేటకు మలిచి 1948లో అమ్మకానికి తెచ్చారు. నేటి ట్రాన్స్‌డ్యూసర్లలో క్వార్ట్జ్ బదులు పింగాణీ బిళ్ళ ఉంటుంది. విద్యుత్తు తాకగానే అది సెకనుకు వేల, లక్షల సార్లు కంపిస్తుంది, ప్రతిధ్వని వచ్చి తాకితే తిరిగి సన్నని విద్యుత్తును పుట్టిస్తుంది.

చేపలో ప్రతిధ్వనించేది ఏది

చేప కండరం సాంద్రతలో నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి శబ్దం చాలామటుకు దానిగుండా దూసుకుపోతుంది. శబ్దాన్ని వెనక్కి కొట్టేది చేప కడుపులోని గాలితిత్తి. నీటిలో తేలే స్థాయిని సర్దుకోవడానికి చాలా జాతుల చేపలకు ఈ తిత్తి ఉంటుంది. గాలితిత్తి ఉన్న చేప నుంచి వచ్చే ప్రతిధ్వనిలో నూటికి 90 పాళ్ళకు పైగా దాని నుంచే వస్తుంది. ఆంధ్ర తీరంలో అప్పుడప్పుడు ఒక్క కచిడి చేప లక్షల రూపాయలు పలికిందని వార్త వస్తుంది. ఆ ధర మాంసానికి కాదు, గాలితిత్తికే. వైద్యంలో వాడే దారాల కోసమని దాన్ని ఎగుమతి చేస్తారు. సోనార్‌కు ఆ చేపను పట్టించేదీ ఆ తిత్తే.

గాలితిత్తి లేని చేపలు తెర మీద పలచగా కనిపిస్తాయి. సొరకు, టేకుకు అది లేదు. ట్యూనాల్లో పసుపు రెక్కల తూరకు ఉంది, స్కిప్‌జాక్ అనే రకానికి లేదు. రొయ్య, పీత, కందవాయి అసలు చేపలే కావు. కాబట్టి తెర ఖాళీగా ఉంటే నీరు ఖాళీగా ఉన్నట్టు కాదు. రొయ్యల కోసం ట్రాల్ వల లాగే బోటుకు సోనార్ రొయ్యను చూపడం కంటే అడుగు బురదో, ఇసుకో, రాయో చెప్పడమే పెద్ద సాయం.

పరికరం ఏ జాతి చేపో కూడా చెప్పదు. ఆ పని ఇప్పటికీ వేటగాడి అనుభవానిదే. ఈ తీరపు మత్స్యకారుల జాతిజ్ఞానం శాస్త్రంలోకి నేరుగా వెళ్ళిన సందర్భం ఒకటుంది. విశాఖపట్నంలో చేపలను సేకరించిన పాట్రిక్ రస్సెల్ 1803లో వెలువరించిన గ్రంథంలో వాటిని స్థానికుల పేర్లతోనే నమోదు చేశాడు. ఆ దారిన కానాగుర్తకు శాస్త్రలోకం పెట్టిన పేరులోనూ తెలుగు పదమే నిలిచింది: రాస్ట్రెల్లిజర్ కానగుర్తా. గుంపు ఏ లోతులో, ఏ వేళ, ఏ ఆకారంలో తెర మీద కనిపించిందో, వలలో ఏం పడిందో కొన్నాళ్ళు రాసి పెట్టుకున్నవారికి యంత్రం గీసే మచ్చలు పేర్లతో సహా అర్థమవుతాయి.

పౌనఃపున్యం, కిరణపు వెడల్పు

మొదట తేల్చుకోవలసింది పౌనఃపున్యం, అంటే బిళ్ళ సెకనుకు ఎన్నిసార్లు కంపించాలన్నది. చేపల వేటలో చిరకాలంగా వాడుతున్నవి 50, 200 కిలోహెర్ట్జ్. 50 దగ్గర తరంగం పొడవు నీటిలో సుమారు 3 సెంటీమీటర్లు, 200 దగ్గర ముప్పావు సెంటీమీటరు. పొట్టి తరంగం చిన్న చేపను కూడా పట్టిస్తుంది, పక్కపక్కనున్న రెండు చేపలను విడదీసి చూపుతుంది. అయితే అది త్వరగా అలిసిపోతుంది. సముద్రపు నీటిలో కరిగున్న మెగ్నీషియం సల్ఫేట్ ఈ శబ్దశక్తిని మింగేస్తుంది, పౌనఃపున్యం పెరిగేకొద్దీ మరింతగా మింగుతుంది. మంచినీటిలో ఆ లవణం ఉండదు కనుక నాగార్జునసాగర్ జలాశయంలో అడుగు స్పష్టంగా చూపిన పరికరం అంతే లోతు సముద్రంలో తడబడవచ్చు. పెట్టె మీద అచ్చువేసిన గరిష్ఠ లోతు ఏ నీటికి చెప్పిందో అడగాలి. మంచినీటి లెక్కయితే సముద్రానికి దాన్ని బాగా తగ్గించుకోవాలి.

పౌనఃపున్యంతో పాటు కిరణపు వెడల్పు మారుతుంది. శబ్దం ట్రాన్స్‌డ్యూసర్ నుంచి శంఖువు ఆకారంలో కిందికి పరుచుకుంటుంది. చిన్న పడవల్లో వాడే ట్రాన్స్‌డ్యూసర్లలో 200 కిలోహెర్ట్జ్ శంఖువు కోణం 12 నుంచి 20 డిగ్రీలు, 50 కిలోహెర్ట్జ్‌ది 45 డిగ్రీల దాకా ఉంటుంది. 30 మీటర్ల లోతులో 12 డిగ్రీల శంఖువు అడుగున 6 మీటర్ల వెడల్పు చోటును మాత్రమే తాకుతుంది. 20 డిగ్రీలది పదిన్నర మీటర్లు, 45 డిగ్రీలది 25 మీటర్లు. ఎక్కువ చోటును వెతకాలంటే వెడల్పు శంఖువే మేలనిపిస్తుంది. దానికి ఒక పెద్ద లోపముంది.

50 మీటర్ల లోతున్న చోట, 45 డిగ్రీల శంఖువు అంచున, అడుగుకు 3 మీటర్ల ఎత్తులో ఒక చేప ఈదుతోందనుకుందాం. ఏటవాలుగా కొలిస్తే ట్రాన్స్‌డ్యూసర్ నుంచి ఆ చేప దూరం దాదాపు 51 మీటర్లు. పడవకు సరిగ్గా కిందనున్న అడుగు 50 మీటర్లే. అడుగు ప్రతిధ్వని ముందు వస్తుంది, చేపది దాని మోతలో కలిసి మాయమవుతుంది. అదే చేప 12 డిగ్రీల శంఖువు అంచున ఉంటే దూరం 47 మీటర్ల పైచిలుకే కనుక విడిగా కనిపిస్తుంది. అడుగును అంటుకుని తిరిగే చేపల కోసం వేటాడేవారికి సన్నని శంఖువు కావాలి. నీటి నడుమ మందలుగా తిరిగే కవ్వళ్ళు, కానాగుర్తల కోసం తిరిగేవారికి వెడల్పుది పనికొస్తుంది. రెండు పౌనఃపున్యాలూ ఉన్న ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కువ మందికి తగినదవడానికి కారణమిదే.

కొత్త పరికరాల మీద కనిపించే చిర్ప్ అన్న మాటకు అర్థం ఇక్కడే తెలుసుకోవాలి. పాత సోనార్ ఒకే స్వరంతో ఒక కూత కూస్తుంది. ఆ కూత సెకనులో వెయ్యో వంతు సాగితే నీటిలో దాని పొడవు మీటరున్నర. అందులో సగం, అంటే ముప్పావు మీటరు కంటే తక్కువ ఎడంలో ఒకదాని కిందొకటి ఉన్న రెండు చేపలు తెర మీద ఒకటే మచ్చగా కలిసిపోతాయి. కూతను కుదిస్తే చేపలు విడివడతాయి, కానీ నీటిలోకి పోయే శక్తి తగ్గి లోతు తగ్గుతుంది. ఈ చిక్కును రాడార్ ఇంజనీర్లు రెండో ప్రపంచ యుద్ధ కాలం తర్వాత విప్పారు. పిట్ట కూతలా స్వరం కింది నుంచి పైకి జారే పొడవాటి కూత పంపి, తిరిగొచ్చాక దాన్ని లెక్కతో ఒక బిందువుకు కుదిస్తారు. స్వరం 50 కిలోహెర్ట్జ్ మేర జారితే ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడం కూడా లెక్క ప్రకారం విడివడుతుంది. ఆచరణలో అంత దొరకకపోయినా, మందలోని చేపలు విడివిడిగా కనిపించడం చిర్ప్ వల్లే సాధ్యమైంది. కొనగలిగిన వారికి ఇది డబ్బుకు తగ్గ మెరుగుదల. కానీ ట్రాన్స్‌డ్యూసర్ కూడా ఆ స్వరాల మేర పాడగలిగినదై ఉండాలి. ఒకే స్వరానికి చేసిన పాత ట్రాన్స్‌డ్యూసర్‌ను చిర్ప్ పెట్టెకు తగిలిస్తే చిర్ప్‌కు పెట్టిన డబ్బు వృథా.

శక్తి గురించి అమ్మకందార్లు చెప్పే అంకెల్లో మోసపోయే అవకాశం ఎక్కువ. ఒకే పరికరాన్ని 500 వాట్లదనీ, 4,000 వాట్లదనీ రెండు రకాలుగా చెప్పవచ్చు. మొదటిది ఆర్ఎంఎస్, అంటే సగటు లెక్కలో కొలిచిన శక్తి, రెండోది శిఖరం నుంచి శిఖరానికి కొలిచిన శక్తి. రెండోది మొదటిదానికి ఎనిమిది రెట్లు. రెండు కంపెనీల పెట్టెలను పోల్చేటప్పుడు రెండింటి ఆర్ఎంఎస్ అంకెలే పక్కపక్కన పెట్టాలి. శక్తి రెట్టింపైతే చూడగలిగే లోతు రెట్టింపు కాదు, కొద్దిగానే పెరుగుతుంది. శబ్దం పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ పరుచుకుంటూ పలచబడడమే దీనికి కారణం. 200 మీటర్ల లోపు లోతుల్లో తిరిగే తీరప్రాంతపు పడవకు 300 నుంచి 600 వాట్లు చాలు. ఖండతీరపు అంచు దాటి లోతు సముద్రంలో తూర గేలాలు వేసే బోటుకు ఒక కిలోవాటు, దానికి సరిపడే పెద్ద ట్రాన్స్‌డ్యూసర్ కావాలి.

జలాశయాల్లో వేటాడేవారి అవసరం వేరు. పక్కలకు చూసే సైడ్ స్కాన్ సోనార్లు 455, 800 కిలోహెర్ట్జ్‌ల వంటి పై స్వరాల్లో పనిచేసి, నీటిలో మునిగిన చెట్లను, పాత ఊరి గోడలను ఫోటోకు దగ్గరగా చూపుతాయి. వలలు చిక్కుకోకుండా అది మంచి కాపు. సముద్రపు లోతుల్లో ఆ స్వరాలు అడుగును చేరవు కాబట్టి అక్కడ వాటికోసం డబ్బు పెట్టనక్కరలేదు.

తెర చెప్పేదీ చెప్పనిదీ

సోనార్ తెర ఫోటో కాదు. అది కాలాన్ని గీసిన పటం. కుడి అంచున ఉన్న నిలువు గీత ఒక్కటే ఈ క్షణం పడవ కింద ఉన్నది. ఎడమకు జరిగిందంతా గడిచిపోయింది. పడవ ఆగి ఉన్నా తెర జరుగుతూనే ఉంటుంది. తెరలో ఎడమ పక్క కనిపించే గుంపు పడవకు ఎడమవైపు ఉందనుకోవడం కొత్తవారు చేసే పొరపాటు. ముందున్న నీటిలో ఏముందో మామూలు సోనార్ చెప్పదు.

చేప తెర మీద విల్లులా వంగి కనిపించడానికి కారణం చేప ఆకారం కాదు. శంఖువు అంచులోకి వచ్చిన చేప కాస్త దూరంగా, నడుమకు వచ్చినప్పుడు దగ్గరగా, ఆవలి అంచు దాటేటప్పుడు మళ్ళీ దూరంగా ఉంటుంది. 20 మీటర్ల లోతులో 45 డిగ్రీల శంఖువులో ఈ తేడా మీటరున్నరకు పైనే. 20 డిగ్రీల శంఖువులో 30 సెంటీమీటర్లే. అందుకే ఒకే చేప ఒక ట్రాన్స్‌డ్యూసర్ కింద పెద్ద విల్లుగా, మరోదాని కింద చిన్న గీతగా కనిపిస్తుంది. విల్లు పొడవు చేప పరిమాణం కాదు. లంగరు వేసిన పడవ కింద కదలకుండా నిలిచిన చిన్న చేప తెర పొడవునా తెగని గీతగా సాగుతుంది. పరిమాణానికి కొంత ఆనవాలు రంగుల్లో, గీత మందంలో దొరుకుతుంది.

చాలా పరికరాల్లో ప్రతిధ్వనుల బదులు చేప బొమ్మలు చూపే సౌకర్యం ఉంటుంది. ఆ బొమ్మ యంత్రం ఊహ మాత్రమే. నీటిలో తేలే ప్లాస్టిక్ సంచి, బుడగల గుంపు కూడా చేప బొమ్మలుగా మారతాయి. దాన్ని ఆపేసి అసలు ప్రతిధ్వనులనే చదవడం నేర్చుకోవడం మంచిది.

అడుగు గీత చెప్పే సంగతులు ఇంకా విలువైనవి. మెత్తని బురద శబ్దాన్ని తాగేస్తుంది, గీత పలచగా ఉంటుంది. రాయి బలంగా తిప్పికొడుతుంది. ఆ మోత పడవ అడుగుకు, నీటి పైతలానికి తగిలి మళ్ళీ కిందికి పోయి రావడం వల్ల అసలు అడుగుకు రెట్టింపు లోతులో రెండో అడుగు గీత పడుతుంది. ఆ రెండో గీత కనిపించిందంటే కింద గట్టి నేల ఉన్నట్టు. ట్రాల్ వల లాగే సరంగుకు అది వల చిరగబోతోందన్న హెచ్చరిక, గేలం వేసేవారికి రాళ్ళ చేపల ఆశ.

నడి సముద్రంలో పగటిపూట మూడు నాలుగు వందల మీటర్ల లోతున అడుగులా కనిపించి, పొద్దు వాలాక పైకి లేచే పొర ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ శాస్త్రవేత్తలు సోనార్లలో దీన్ని గమనించి, దొంగ అడుగని భావించారు. అది చిన్న చేపలు, రొయ్యలవంటి ప్రాణుల మహా సమూహమని తర్వాత తేలింది. రాత్రి మేతకు పైకి వచ్చి, తెల్లవారేసరికి చీకటిలోకి దిగిపోతాయి.

పడవ ఏదైతే అమరిక అది

శబ్దానికి గాలి బద్ధశత్రువు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం ముందు పలచని బుడగల తెర ఉన్నా శబ్దం అక్కడి నుంచే వెనక్కి వచ్చేస్తుంది. ప్రొపెల్లర్ నురగ, పడవ అడుగు పలకల అతుకుల వెంట జారే బుడగలు తగలని చోటే దాన్ని అమర్చాలి. నిలిచి ఉన్నప్పుడు చక్కగా పనిచేసి, వేగం పెంచగానే అడుగు గీత తెగిపోతుందంటే తప్పు పెట్టెది కాదు, అమర్చిన చోటుది.

ఆంధ్ర తీరంలో ఒడ్డున ఇసుక మీదికి లాగే ఫైబర్ పడవలు ఎక్కువ. వెనక పలకకు బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ అలల తాకిడిలో, ఇసుక లాగుడులో మొదట విరిగేది. అడుగుకు రంధ్రం వేసి పెట్టినదీ ఇసుకలో అరిగిపోతుంది. ఈ పడవలకు లోపలి నుంచే అంటించే రకం తగినది. శబ్దం గట్టి ఫైబర్ పొరగుండా దూసుకుపోతుంది, కొంత బలం మాత్రం తగ్గుతుంది. ఫైబర్ పొరల మధ్య నురగ గానీ చెక్క గానీ ఉన్న చోట ఈ పద్ధతి పనిచేయదు. అంటించే జిగురులో ఒక్క గాలి బుడగ చిక్కుకున్నా ఫలితం చెడుతుంది. శాశ్వతంగా అంటించే ముందు నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచిలో ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి పడవ అడుగున అదిమి చూస్తే ఆ చోటు పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది.

చెక్క బోటుకు రంధ్రం తప్పదు. అక్కడ ప్లాస్టిక్ తొడుగున్నది వాడకూడదు. నానిన చెక్క ఉబ్బి ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది, రంధ్రంలోంచి నీరు లోపలికి వస్తుంది. కంచు తొడుగుది పెట్టాలి. ఉక్కు బోటుకు కంచు పనికిరాదు. ఉప్పునీటిలో రెండు లోహాలు తాకితే విద్యుత్ రసాయన చర్య మొదలై ఉక్కును తినేస్తుంది, కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలుదే మేలు. అడుగు ఏటవాలుగా ఉన్న పడవల్లో ట్రాన్స్‌డ్యూసర్ నిటారుగా కిందికి చూసేలా చెక్కిన దిమ్మను గానీ, బిళ్ళను లోపలే వంచి చేసిన రకాన్ని గానీ వాడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కి మరమ్మతులు జరిగే ఆ 61 రోజులు ఈ పనికి సరైన సమయం. ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి పట్టే నత్తగుల్లలను కూడా అప్పుడే మెత్తని గుడ్డతో తుడవాలి. గీకితే బిళ్ళ దెబ్బతింటుంది.

ఆకాశం నుంచి చిరునామా

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమ గడియారపు సమయాన్ని, తామున్న చోటును నిరంతరం ప్రసారం చేస్తాయి. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే పరికరం తన అక్షాంశ రేఖాంశాలను, ఎత్తును, కచ్చితమైన సమయాన్ని లెక్కగడుతుంది. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఆ గడియారాలు నేల మీది వాటికంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుంటాయి. దాన్ని సరిదిద్దకపోతే దూరాల లెక్క ఒక్క రోజులో 11 కిలోమీటర్లు తప్పుతుంది. 2000 మే 2 వరకు అమెరికా పౌర సంకేతంలో కావాలని తప్పును కలిపేది. అది ఆగిపోయాక మామూలు పరికరాలు కూడా కొద్ది మీటర్ల తేడాలో చోటు చెబుతున్నాయి. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నడిపే గగన్ వ్యవస్థ ఆ తేడాను ఇంకా తగ్గిస్తుంది. పరికరం గగన్‌ను, భారత్ సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌ను అందుకోగలదా అని అడగడం మంచిదే కానీ, వేటకు కొద్ది మీటర్ల తేడా పెద్ద లోపం కాదు.

అసలు నష్టం అంకెలు రాసుకునే తీరులో వస్తుంది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. 17 డిగ్రీల 41 నిమిషాల 30 సెకన్లు అన్నదాన్ని, నిమిషాల దశాంశాలు చూపే పరికరంలో 41.30 అని ఎక్కిస్తే పడవ 370 మీటర్లు పక్కకు పోతుంది. 30 సెకన్లంటే అర నిమిషం, అక్కడ 41.50 కొట్టాలి. రాళ్ళ గుట్ట మీద గేలం వేయాల్సిన పడవ ఆ 370 మీటర్లతో ఉత్త బురద మీద నిలుస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు పైనీటి వేడిని, నాచు పచ్చదనాన్ని ఉపగ్రహాలతో చూసి, చేపలు చేరే అవకాశమున్న చోట్లను రేవుల వారీగా దిశ, దూరం, లోతు, అక్షాంశ రేఖాంశాలతో ప్రకటిస్తుంది. ఆ అంకెలు ఏ రూపంలో ఉన్నాయో, పరికరం ఏ రూపంలో అడుగుతోందో సరిచూసుకున్నాకే ఎక్కించాలి. అక్కడికి చేర్చేది జీపీఎస్. చేరాక గుంపు ఉందో లేదో, ఏ లోతున ఉందో చెప్పేది సోనార్.

సరిహద్దు హెచ్చరిక ఉన్న పరికరం ఎంచుకోవడం ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన విషయం. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మత్స్యకారులు పాకిస్తాన్ అధికారులకు చిక్కి ఏడాదికి పైగా కరాచీ జైలులో గడిపారు. 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. సరిహద్దు గీత దగ్గరపడుతుండగానే మోగే పరికరం పెద్ద ఖర్చు కాదు. మనిషి నీటిలో పడినప్పుడు ఆ చోటును ఒక్క నొక్కుతో గుర్తుపెట్టే మీట ఎక్కడుందో కూడా సిబ్బంది అందరికీ తెలియాలి. ఉక్కు కప్పున్న గదిలో పెట్టిన పెట్టెకు ఆకాశం కనపడదు. దానికి బయట అమర్చే యాంటెన్నా కావాలి.

చివరికి తెర

మిగిలినవి త్వరగా తేలిపోతాయి. మధ్యాహ్నపు ఎండలో కనిపించే తెర కావాలి. దుకాణంలో నీడన చూసినది పడవలో నల్లబడిపోతుంది, కాబట్టి బయట ఎండలోకి తెచ్చి చూపమని అడగాలి. వెడల్పు కంటే పై నుంచి కిందికి ఉండే చుక్కల వరుసల సంఖ్య ముఖ్యం. 60 మీటర్ల లోతును 480 వరుసల్లో గీస్తే ఒక్కో వరుస పన్నెండున్నర సెంటీమీటర్లు, 800 వరుసల్లో ఏడున్నర. నీరు చొరబడకుండా కాపాడే రక్షణ ఐపీఎక్స్7 స్థాయికి తగ్గకూడదు. ఇంజన్ స్టార్టు చేసినప్పుడు వోల్టేజి పడిపోయి పరికరం ఆగిపోకుండా వేరే బ్యాటరీ, తీగకు ఫ్యూజు ఉండాలి. మరమ్మతు చేసేవారు ఆ రేవులోనో దగ్గరి పట్నంలోనో ఉన్నారా అన్నది ఏ అంకె కంటే తక్కువ ప్రశ్న కాదు. పాడైన పెట్టెను దూరనగరానికి పంపి నెల రోజులు ఎదురుచూసే బోటు ఆ నెలంతా గుడ్డిగానే వేటాడుతుంది.

డబ్బు పూర్తిగా చెల్లించే ముందు సముద్రం మీద పరీక్ష జరగాలి. బోటు మామూలుగా వేటాడే లోతుకు పోయి, మామూలు వేగంతో నడిపి, అడుగు గీత తెగకుండా వస్తోందో చూడాలి. తర్వాత ఇంజన్ ఆపి, సీసపు గుండు తాడును బారల్లో కొలిచి తెర చూపే లోతుతో పోల్చాలి. ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి ఎంత కిందున్నదో ఆ కొలతను పరికరంలో ముందే ఎక్కించి ఉండాలి. పరికరం శబ్దవేగాన్ని సెకనుకు 1,500 మీటర్లుగా తీసుకుంటుంటే, వెచ్చని బంగాళాఖాతంలో 40 బారల నీటిని 39 బారలుగా చూపుతుంది. ఆ ఒక్క బార తేడా మామూలే. అంతకు మించి తేడా వస్తే పరికరాన్ని వెనక్కి ఇవ్వాలి, లేదా అమరిక సరిచేయించుకున్నాకే డబ్బు చెల్లించాలి.